నెమరు వేసేదాకా

మా ఇంట్లో గేదె ఒక్కటే. పెత్తందార్లం మాత్రం ఇద్దరం, మా అత్తయ్య, నేను. తిరువూరులో మా ఇంటి వెనక రేకుల షెడ్డులో ఉండే ఆ గేదెకు ఏం పెట్టాలన్న దగ్గరే మాకు రోజూ తగువు.

వరిగడ్డి కడుపు నింపుతుంది గాని దానిలో బలం అంతంతమాత్రమే. పచ్చిగడ్డి పడితే పాలు బాగా దిగుతాయి. పత్తి చెక్కలో మాంసకృత్తులు ఎక్కువ. తవుడు శక్తినిస్తుంది, మోతాదు మించకూడదు. ఈనిన గేదెకు ఖనిజ లవణాల పొడి కలపకపోతే ఒంట్లో సున్నం తగ్గిపోతుంది. ఇవన్నీ చూసి దాణా నానబెట్టేదాన్ని నేను. అత్తయ్య మాత్రం, "బాలింతకు పొడులేంటమ్మా, ఇంత అన్నం పడితే కదా సత్తువ," అనేవారు. ఆవిడ కంచంలో ఆఖరి ముద్ద ఎప్పుడూ గేదెదే. నాకు ఒళ్లు మండేది. ముద్దతో ఏమవుతుందిలే అని ఊరుకునేదాన్ని.

మొన్న వేసవికి ముందు గేదె ఈనింది. దూడ ఇంకా తల్లి పాల మీదే ఉన్న రోజుల్లో పక్కింటివాళ్లు గృహప్రవేశం చేసుకున్నారు. మర్నాడు పొద్దున్నే నేను గంపలగూడెం వెళ్లి, మధ్యాహ్నం దాటాక తిరిగొచ్చాను. గేదె ఎడమ డొక్క ఉబ్బి ఉంది. నెమరు లేదు. దూడ వచ్చి పొదుగు కుమ్ముతున్నా తల వాల్చేసి అలాగే నిలబడింది. వెంటనే పశువుల డాక్టరుగారికి ఫోన్ చేశాను.

ఆయన వచ్చి, డొక్క నొక్కి చూసి, "ఏం పెట్టారమ్మా?" అని అడిగారు.

"రోజూ పెట్టేదేనండి. గడ్డి, దాణా," అన్నారు అత్తయ్య.

కుడితి తొట్టి పక్కన మెతుకులు కనబడుతూనే ఉన్నాయి. నాకు ఎక్కడలేని కోపం వచ్చింది.

"దాచిపెడితే గేదె దక్కదు అత్తయ్యా. ఎంత అన్నం పెట్టారు?"

ఆవిడ కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నారు. "డేగిసా నిండా. పక్కింటివాళ్లు పారబోస్తామన్నారు. ప్రాణం ఒప్పలేదమ్మా. అది కూడా ఆబగా తింది."

"అన్నంలో బలం ఉంటుందండి, కాదనను," అన్నారు డాక్టరుగారు. "కానీ అంత ఒక్కసారి పడితే పొట్టలో పులిసి యాసిడ్ అయిపోద్ది. పీచు ఉంటేనే గేదె నెమరేసేది. దాణా ఆపేసి ఎండుగడ్డి ఒక్కటే వేయండి. పొద్దునకి నెమరు వేస్తే బతికినట్టే." తినే సోడా నీళ్లలో కలిపి తాగించి, సెలైన్ ఎక్కించి వెళ్లారు.

ఆ సాయంత్రం అత్తయ్య మంచినీళ్లు తప్ప ఏమీ ముట్టలేదు. ఆవిడను అనాలనుకున్న మాటలు నా దగ్గర చాలానే ఉన్నాయి. దూడకు సీసాతో కొన్న పాలు పట్టిస్తున్న ఆవిడను చూసి, వెళ్లి దూడ మెడ పట్టుకున్నాను.

పొద్దున్నే షెడ్డులోంచి పిలిచారు. "అమ్మాయ్, దవడ ఆడిస్తోంది, రా."

వెళ్లి చూస్తే గేదె కళ్లు సగం మూసుకుని నెమరేస్తోంది. ముందు వేసిన వరిగడ్డి కూడా కొంత తగ్గింది. అత్తయ్య ఏడుస్తున్నారు. నాకూ ఏడుపొచ్చింది.

"ఇంక నాకింత అన్నం పెట్టమ్మా," అన్నారు లోపలికొచ్చి. పెట్టాను. గబగబా తిని, అలవాటుకొద్దీ ఆఖరి ముద్ద కంచంలో ఉంచుకుని లేచారు. గుమ్మం దాకా వెళ్లి ఆగిపోయారు. నా వైపు చూడకుండా వెనక్కి వచ్చి కూర్చుని, ఆ ముద్ద కూడా తనే తినేశారు.