పుస్తకంలో లేని పిల్లలు

మా డ్రాయింగ్ టీచర్ పోయారు. పోయిన గురువారం జూలూరుపాడులో నేను నాలుగో తరగతికి ఎక్కాలు చెప్తుండగా ఆమె చెల్లెలు ఫోన్ చేసింది. "అక్క పోయిందమ్మా. రాత్రి దవాఖానాల్నే పోయింది. జల్దీ రా" అన్నది. నేను సారపాక చేరేసరికి సమాధుల తోటలో ప్రార్థన మొదలైంది. పాస్టరుగారు ఆమెను మంచి ఉపాధ్యాయురాలు అన్నారు. పిల్లలకు కథలు రాసి, వాటికి తానే బొమ్మలు వేసిన మనిషి అని ఎవరూ అనలేదు. అక్కడే నిలబడి ఉండి నేనూ అనలేకపోయాను. ఇప్పుడు రాస్తున్నాను.

టీచర్ వాళ్ళ నాన్న కాగితం మిల్లులో కాంట్రాక్టు కూలీ. కత్తిరించగా మిగిలిన అట్టముక్కలు ఇంటికి తెచ్చేవాడట. ఆమె మొదటి బొమ్మలు వాటి మీదే. తర్వాత గూడేల పిల్లలు చదివే హాస్టల్ బడిలో మాకు డ్రాయింగ్ నేర్పారు. నేను చెట్టు గీస్తే గొడుగులా ఉండేది. "గట్ల కాదే. పోయి దాని కింద కూసో. ఎండ ఏడేడ పడుతదో చూసి రా" అని బయటికి పంపేవారు. పెన్సిల్ ఎప్పుడూ బ్లేడుతోనే చెక్కేవారు. ఎవరిని గీయాలన్నా ముందు "నిన్ను గీయాల్నా?" అని అడిగేవారు. వద్దంటే ఆ పిల్ల జోలికి వెళ్ళేవారు కాదు.

"పుస్తకాలల్ల తమ మొఖం కనబడని పిల్లలు, మేం లెక్కల లేమనుకుంటరే" అనేవారు.

చిన్న పుస్తకాలు మూడో నాలుగో వేశారు. పెద్ద పని మాత్రం ఒక్కటే. ఇప్పపూలు ఏరబోయి అడవిలో తప్పిపోయిన ఒక పిల్లను తోటి పిల్లలంతా వెతికే కథ అది. రిటైరయ్యాక దానికోసం ఆరేళ్ళు ఒకే గూడేనికి బస్సులో తిరిగారు. ఆ బొమ్మల్లోని ప్రతి మొఖమూ ఆ గూడెంలో తిరిగే మొఖమే.

భద్రాచలంలో ఆమె కిరాయిల్లు పల్లంలో ఉండేది. గోదావరి పొంగి వీధిలోకి వచ్చిన రోజు అందరినీ తరలించడానికి ట్రాక్టర్ వచ్చింది. టీచర్ బొమ్మల పెట్టె ఎక్కించారు. అప్పుడు చూస్తే పక్కింటి బాలింత పసిగుడ్డుతో గడపలో నిలబడి ఉందట. ట్రాక్టర్లో జాగా లేదు.

"పెట్టె దించుండ్రి. ఆ పిల్లను ఎక్కించుండ్రి" అన్నారు టీచర్.

పెట్టెను అటక మీద పెట్టి వచ్చారు. నీళ్ళు అటక కూడా దాటాయి.

వరద తీశాక నేనూ వెళ్ళాను. పెట్టెలో కాగితాలన్నీ ఒకే ముద్ద. ఆమె ఒక్కో పొరా విడదీయబోయారు. వేళ్ళకు రంగు కలిసిన బురద అంటింది.

"బిడ్డ బతికింది గదా టీచర్" అన్నాను.

"అవ్, బతికింది. అందుకే ఏడ్సుడు గూడ తప్పు అనిపిస్తది."

మళ్ళీ గీయడానికి కూర్చున్నారు. అప్పటికే షుగరు కళ్ళను తినేస్తోంది. గీత ఒకచోట మొదలై మరొకచోటికి జారేది. ఆ సంగతి తెలిసిన ఒక పట్నం ప్రచురణకర్త, కథ ఇవ్వండి, బొమ్మలు వేరేవాళ్ళతో వేయిస్తాం అన్నాడు. ఆమె వద్దన్నారు. ఒప్పించింది నేనే. పుస్తకమంటూ వస్తే చాలని వాదించాను.

"నువ్ చెప్పినవని సరే అంటున్న" అన్నారు చివరికి.

పుస్తకం వచ్చింది. కిటికీ దగ్గర కళ్ళకు ఆనించుకుని చూశారు. నున్నటి బుగ్గలు, కాళ్ళకు బూట్లు, లేత పసుపు పూలు పూసే ఇప్పచెట్టు నిండా గులాబీరంగు పూలు.

"ఈ పిల్ల ఎవరే?"

"మీ కథల పిల్లే టీచర్."

"నేనెరుగ" అని మూసేశారు.

నేనొక పుస్తకం పట్టుకుని గూడేనికి వెళ్ళాను. తప్పిపోయిన పిల్లగా ఆమె గీసిన అమ్మాయికి అప్పటికే ఒక కూతురు. చేతులు తుడుచుకుని పుస్తకం తీసుకుంది. మొదటినుంచి చివరిదాకా తిప్పింది. మళ్ళీ మొదటికొచ్చింది.

"నేనేడున్న అక్కా?" అని అడిగింది.



టీచర్ అడిగితే మాత్రం "మస్తు సంబురపడ్డది" అని చెప్పాను. "నీకు అబద్ధం చెప్పుడు రాదే" అన్నారామె. మళ్ళీ ఆ పుస్తకం ఊసెత్తలేదు. తిట్టినా బాగుండేది.

కిందటి నెల ఖమ్మం దవాఖానాలో చివరిసారి చూశాను. అప్పటికి చూపు పూర్తిగా పోయింది. కుడిచేతి చూపుడువేలు దుప్పటి మీద మెల్లగా తిరుగుతోంది. గుండ్రంగా పోయి, ఆగి, పైకి లేచి, మళ్ళీ ఆనుతోంది.

"ఏం గీస్తున్నరు టీచర్?"

నర్సు వచ్చి దుప్పటి లాగి ముడతలు లేకుండా సర్దింది. ఆ అడుగుల చప్పుడు దూరమయ్యేదాకా టీచర్ చెయ్యి కదపలేదు. తర్వాత వేలితో తడుముకుంటూ దుప్పటి అంచు వెతికి పట్టుకుని, పై మూలనుంచి మళ్ళీ మొదలుపెట్టారు.