స్టాంపు మీది పిల్లాడికి దిష్టిచుక్క

ఐరోపాలో ఎన్ని యుద్ధాలు జరిగినా చెక్కుచెదరని ఒక పసివాడి ముఖాన్ని, బోధన్‌లో ఒక మధ్యాహ్నం నేను ఒక్క వేలితో మాయం చేశాను. ఎమ్మెస్సీ చదివానని ముందే ఒప్పేసుకుంటున్నాను. మీరెలాగూ అడుగుతారు.

మా మామగారు పోస్ట్‌మన్‌గా పనిచేసి రిటైరయ్యారు. ఆయన దాచుకున్న స్టాంపుల్లో ప్రాణసమానమైనది ఒక విదేశీ స్మారక షీటు. దాని మీద నాలుగు స్టాంపులు, ఒక్కోదాంట్లో బరోక్ కాలపు, అంటే మూడు నాలుగొందల ఏళ్లనాటి, ఐరోపా చిత్రం. మనుషులంతా చీకటిగదిలో దీపం పక్కకు వచ్చి నిలబడినట్టుంటారు. నాలుగోదాంట్లో తల్లి ఒడిలో బట్టల్లేని బొద్దు పిల్లాడు. నిజామాబాద్ స్టాంపుల ప్రదర్శనలో మామకు మొదటిసారి చోటు దొరికింది. ముందురోజు నా చేతికి లెన్సు ఇచ్చి చూపించారు.

"సూడు బిడ్డా, అచ్చం మన చిన్నోడే! గవే బుగ్గలు, గదే నవ్వు. రేపు నిజామాబాద్ మొత్తం ఈని మొకమే సూస్తది."

నిజామాబాద్ మొత్తమా? ఎంత దిష్టి! అప్పుడు నా కొడుకు చిన్నోడికి ఐదు నెలలు. వాడు తుమ్మితే ఉప్పుతో దిష్టి తీసేదాన్ని, తుమ్మకపోతే డాక్టరుకు ఫోన్ చేసేదాన్ని. అచ్చం మావాడిలా ఉన్నవాడికి తగిలిన దిష్టి మావాడికి తగలదని ఏ ఎమ్మెస్సీ పుస్తకంలో ఉందో మీరే చెప్పండి!

మామ కునుకు తీయగానే కాటుక డబ్బా తెచ్చాను. బుగ్గ మీద చిన్న చుక్క, అంతే అనుకున్నాను. కానీ పిల్లాడి తల కందిగింజంత, నా వేలేమో వేలంత. తీసి చూస్తే తల్లి ఒళ్లో నేరేడుపండు! కంగారుగా తడి టిష్యూతో రుద్దాను. కాటుక కాస్త పోయింది, దాంతోపాటు కళ్లూ ముక్కూ కూడా.

మామ లేచారు. "గిదేంది బిడ్డా?"

"చిన్నోడు, మామా... గుంజిండు," అన్నాను. నిజంగా అన్నాను.

అత్తమ్మ వంటింట్లోంచి వచ్చింది. "ఐదు నెలల పోరడు డబ్బ మూత తీసి, కాటిక వెట్టి, మల్ల తుడిసిండా? గంత తెలివి ఉంటే రేపటి సంది బడికే తోలుదాం!"

నల్లటి వేలును కొంగులో దాచుకుని ఏడ్చేశాను. "నేనే మామా. దిష్టి తగుల్తదని..."

ఆయన తిట్టినా బాగుండేది. లెన్సు పెట్టుకుని చాలాసేపు చూశారు. "ముప్పై ఏండ్ల సంది దుమ్ము సుత పడనియ్యలే," అన్నారు మెల్లగా.

అయినా మర్నాడు ఆ షీటునే తీసుకెళ్లారు, చిన్నోడితో సహా నన్నూ వెంటబెట్టుకుని. న్యాయనిర్ణేత వంగి చూసి, "ఈ మరకేంటండీ?" అన్నారు.

"మరక కాదు సార్. మా కోడలు దిష్టిసుక్క వెట్టింది."

హాలంతా గొల్లున నవ్వింది. పక్క బల్లల దగ్గరి జనమంతా మా బల్ల మీదకే వచ్చిపడ్డారు. బహుమతి మాత్రం రాలేదు. నేను చిన్నోడిని ముఖానికి అడ్డం పెట్టుకున్నాను. ఐదు నెలల పిల్లాడి వెనక ఎంతమటుకు దాక్కోగలం?

అందుకే మీ అందరి సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. ఇకపై పరాయి తల్లి ఒళ్లో ఉన్న ఏ పిల్లాడికీ, వాడు స్టాంపంత ఉన్నా సినిమా తెరంత ఉన్నా, దిష్టిచుక్క పెట్టను. అంత భయమైతే వాళ్లమ్మే పెట్టుకుంటుంది.