ఆయన మాట పూర్తయ్యేదాకా

ఆ రోజు పొద్దున మా ఆయన కాఫీ తాగుతూ, కాఫీ అనబోయి "తాళం చల్లారిపోయింది" అన్నారు. నేను నవ్వాను. మళ్లీ మాట తడబడేసరికి స్ట్రెస్ అనుకున్నాను. నేను లైఫ్ కోచ్‌ని. గవర్నర్‌పేటలో నా దగ్గరికొచ్చేవాళ్లకు బౌద్ధ ధ్యానం నేర్పుతాను. ఏ గొడవతో వచ్చినా ముందు కళ్లు మూసుకుని శ్వాసను గమనించమంటాను. మా ఆయన్నీ అలాగే కూర్చోబెట్టాను. కళ్లు తెరిచేసరికి మూతి ఒక పక్కకు వంకరపోయింది. కుడిచెయ్యి లేవలేదు.

హాస్పిటల్లో సీటీ స్కాన్ చూసి డాక్టర్ గారు "స్ట్రోక్. ఎప్పుడు మొదలైంది?" అని అడిగారు. అబద్ధం చెబుదామనిపించింది. చెప్పలేదు.

"పొద్దున కాఫీ తాగేటప్పుడండీ. ఆ తర్వాత అరగంట ధ్యానం చేయించాను."

డాక్టర్ గారు గడియారం చూసి, "రక్తపు గడ్డ కరిగించే ఇంజెక్షన్‌కి ఇంకా టైముంది, మీ అదృష్టం" అన్నారు. సిగ్గుతో చచ్చిపోయాను.

ప్రాణం దక్కింది, మాట పోయింది. అఫేసియా అన్నారు. మనం చెప్పేది ఆయనకు అర్థమవుతుంది, చెప్పాలనుకున్న మాటే నోటికి రాదు.

ఇంటికొచ్చాక ఇక నా కోచింగంతా ఆయన మీద మొదలుపెట్టాను. "మ..." అనగానే "మంచినీళ్లా? మందా?" అనేదాన్ని. రెండో నెలలో ఒక రోజు గ్లాసు గోడకేసి కొట్టారు. ఆయనకు మళ్లీ మాట నేర్పడానికొచ్చే స్పీచ్ థెరపిస్ట్ అమ్మాయి ఆ సంగతి విని నవ్వింది. "మేడమ్, సార్ మాటలు కూడా మీరే మాట్లాడేస్తున్నారు. కాస్త ఆగండి."

ఊరందరికీ ఆగమని చెప్పేదాన్ని! నా మీద నాకే రోషమొచ్చింది. ఆ రోజు నుంచి ఆయన నోరు తెరిస్తే, నేను నోరు మూసుకుని నా శ్వాస లెక్కపెట్టుకున్నాను.

మా వదిన గారు, అంటే ఆయన అక్కగారు, ఎగతాళి చేశారు. "శ్వాస చూసుకుంటా కూర్చుంటే వాడికి మాటొస్తదా సుజాతా?"

"రాదండీ. మాట థెరపీతో వస్తది. శ్వాస నా నోరు కట్టెయ్యడానికి."

మధ్యలో ఫిట్స్ వచ్చి, తిరిగొచ్చిన మాటలు కొన్ని మళ్లీ పోయాయి. అఆల దగ్గర మొదలుపెట్టాం. అప్పుడే వదిన గారు, వన్ టౌన్‌లో ఆయన నడిపే స్టీలు సామాన్ల కొట్టు ఎవరికైనా ఇచ్చేద్దామన్నారు. "పాపం, వాడికేం తెలుస్తది?" అని ఆయన ఎదురుగానే అన్నారు.

నాకు ఒళ్లు మండిపోయింది. "ఆయన్నే అడగండి వదిన గారూ. జవాబొచ్చేదాకా ఎవరూ లేవడానికి లేదు."

పద్నాలుగు శ్వాసలు లెక్కపెట్టాను. వదిన గారు రెండుసార్లు నోరు తెరవబోతే చెయ్యి అడ్డం పెట్టాను.

"కొట్టు... నాది" అన్నారు మా ఆయన.

ఇప్పుడు రోజూ పొద్దునపూట కొట్లో కూర్చుంటున్నారు. ఎడంచేత్తో గిన్నె తట్టి చూసి, దాని సంగతి నిదానంగా చెబుతారు. తొందరున్నవాళ్లు వేరే కొట్టుకు పోవచ్చు.

నా క్లయింట్లకు మొదటి రోజే ఒకటి చెబుతున్నాను. ఇంట్లో ఎవరికైనా మాట తడబడితే, మూతి వంకరపోతే, ధ్యానం పక్కన పెట్టి హాస్పిటల్‌కి పరుగెత్తండి. వాళ్ల మాట పూర్తయ్యేదాకా ఓపిగ్గా ఆగే పని ఆ తర్వాత. అది మీ పని.