కొరమేను రాని ఇల్లు

వాకిలి కడిగాక పోలమ్మ దాన్ని పొడిగుడ్డతో తుడుస్తుంది. ఖరిదా పేటలో ఆ వీధిలో వాకిలి కడిగేవాళ్ళే గాని తుడిచేవాళ్ళు ఇంకెవరూ లేరు. మోకాళ్ళు అరిగిపోయినా మానలేదు. మొగుడు దేముడు మంచం మీద కూర్చుని రోజూ చూస్తాడు. ఎందుకు తుడుస్తున్నావని ఏనాడూ అడగలేదు, మహానుభావుడు.

దేముడు రైల్వే వర్క్‌షాపులో ఫిట్టరుగా చేసి రిటైరైన మనిషి. కుడిచేతి రెండు వేళ్ళు ముడుచుకోవు. అన్నం తినడానికి చెంచా కావాలి. ఎవరడిగినా, "వాకిట్లో కాలు జారినానయ్యా" అంటాడు. అది శుద్ధ అబద్ధం.

అసలు జరిగింది రాత్రి డ్యూటీ చివర్లో. తోటి ఫిట్టరు గణపతిరావు చైను ముందే వదిలేశాడు, ఇనుపదిమ్మె వేళ్ళ మీద పడింది. ఆ గ్యాంగుకొక కట్టుబాటు ఉండేది. దెబ్బ తిన్నవాడు ఇంట్లో పడ్డానని చెప్పాలి, కట్టుకున్న పెళ్ళానికి కూడా. లేకపోతే రైల్వేవాళ్ళుండే ట్రాఫిక్ పేటలో పొద్దున అన్న మాట సాయంత్రానికి ఆఫీసరు చెవిలో ఉంటుంది, తోటివాడికి ఛార్జిషీటు వస్తుంది. ఇందుకు బదులుగా, తప్పు చేసినవాడు గోల్‌బజార్‌లో కొరమేను కొని దెబ్బ తిన్నవాడి ఇంటికి పట్టుకెళ్ళి, "తప్పు నాది" అనాలి. ఆ చేప కూర ఇద్దరూ కలిసి తినాలి. అక్కడితో సరి.

దేముడు తన వంతు చేశాడు. తెల్లారి ఇంటికొచ్చేసరికి పోలమ్మ వాకిలి కడిగి బజారుకెళ్ళింది. తిరిగొచ్చాక గుడ్డ చుట్టిన చెయ్యి చూపించి, జారానన్నాడు. ఆస్పత్రిలోనూ అదే అన్నాడు. గణపతిరావు మాత్రం చేప తేలేదు. ఇవాళ వస్తాడు, రేపు వస్తాడు అనుకుంటూనే దేముడికి జుట్టు నెరిసింది, సర్వీసూ అయిపోయింది. చిత్రమేమిటంటే ఇద్దరూ ఇప్పటికీ రోజూ ఒకే టీకొట్లో పక్కపక్కనే కూర్చుంటారు.

దేముడి మేడమీద గదిలో వినీల అద్దెకుంటుంది. గుంటూరు అమ్మాయి, ఇక్కడి ఇంజనీరింగు సంస్థలోనే భాషల మీద పరిశోధన చేస్తోంది. ఓ ఆదివారం అతని వేళ్ళు చూసి, "ఈ ఇంజురీ ఎప్పటిది తాతగారూ?" అంది. అతను పాతపాటే పాడాడు. ఆమె ఇంజురీ అనే మాట పుట్టుకలోకి వెళ్ళింది.

"అది లాటిన్ నుంచి వచ్చిందండీ. మొదట్లో న్యాయం కానిది అని అర్థం. ఒకరు ఇంకొకరికి చేసిన అన్యాయం. ఒంటికి తగిలిన దెబ్బ అనేది తర్వాత చేరింది."

"అయితే జారి పడితే ఇంజురీ కాదేటమ్మా?"

"ఆ రోజుల్లో అయితే కాదు. ఎవరో ఒకరు చేసి ఉండాలి."

ఆ మాట దేముడి గుండెల్లో పడింది. ముడుచుకోని వేళ్ళకు ఎప్పుడో అలవాటు పడ్డాడు. "తప్పు నాది" అన్న ఆ ఒక్క మాట కోసం కాచుకుని కాచుకునే అలిసిపోయాడు. ఇక అడిగేద్దామని మర్నాడు టీకొట్టుకు వెళ్ళాడు.

"గణపతీ, ఆ సేప ఏదిరా?"

"ఏ సేప?"

"నా సెయ్యి మీద దిమ్మె ఒగ్గేసినావు కదా."

గణపతిరావు గ్లాసు దించి విస్తుపోయాడు. "అదేటి బావా, నువ్వు వాకిట్లో జారినావు కదా. పోలమ్మ నీళ్ళు తుడవకుండా బజారుకెల్లిపోనాదని అందరూ తిట్టినారు. మా ఇంటిదైతే మొగం మీదే అడిగేసింది. మర్సిపోనావేటి?"

దేముడు అతని కళ్ళలోకి చూశాడు. నటన లేదు. చెప్పగా చెప్పగా అబద్ధం నిజమై కూర్చుంది. పోట్లాడే ఓపిక కూడా లేకపోయింది. పోలమ్మ చేతిలోని పొడిగుడ్డ కళ్ళముందు మెదిలింది. పెళ్ళాన్ని అందరూ అన్ని మాటలన్నారని అతనికి ఇప్పుడే తెలిసింది, సిగ్గుతో చచ్చిపోయాడు. టీ వదిలేసి లేచి గోల్‌బజార్‌లో చేపల వరుసలోకి నడిచాడు.

ఇంటికొచ్చేసరికి పోలమ్మ వంగి వాకిలి తుడుస్తోంది. సంచీ ఆవిడ ముందు పెట్టాడు.

"కొరమేనా? ఎవులొస్తన్నారు?"

"ఎవులూ రారు. ఆ దినం నాను జారలేదే. డ్యూటీలోనే తగిలింది. తప్పు నాది."

పోలమ్మ గుడ్డ పట్టుకునే నడుం ఎత్తింది.

"మరి నాను తుడుస్తంటే ఇన్నేళ్ళూ సూస్తా కూకున్నావా?" అంది.

ఆవిడ గుడ్డ అక్కడే పడేసి, చేపను ముట్టుకోకుండా లోపలికి వెళ్ళిపోయింది. వాకిలి సగం తడిగానే ఉండిపోయింది.