తిరకాసు ఒక్కడే ఆడిన ఆటలు

ఎలక్ట్రానిక్ సామాన్ల కాంప్లెక్స్‌లో, మెట్ల కింద, నిటారుగా నిలబడితే పైమెట్టు నెత్తికి తగిలేంత జాగాలో టీవీకి తగిలించి ఆడే గేమ్ కన్సోళ్లు బాగుచేసే కొట్టు ఒకటి ఉండేది. ఆ కొట్టాయన్ని కాంప్లెక్స్ అంతా తిరకాసు అనే పిలిచేది. అసలు పేరు కరెంటు బిల్లు మీద ఉండేది కానీ, ఆ బిల్లు తెచ్చేవాడు కూడా "తిరకాసన్నా, బిల్లొచ్చింది" అనే కేకేసేవాడు.

పని మాత్రం మాటల్లో చెప్పేది కాదు. చచ్చిన కన్సోల్ అతని బల్ల మీదికి చేరితే, స్క్రూడ్రైవర్ చూడగానే సగం జబ్బు నయమయ్యేది. మిగతా సగం అతని మాటలు వినలేక నయమయ్యేది. ఎలాగోలా ఇక్కణ్ణుంచి బయటపడితే చాలని దానంతటదే ఆన్ అయిపోయేది. ఓసారి ఒకదాని మూత విప్పితే లోపల బొద్దింకల ఉమ్మడి కుటుంబం. తాతలు, మనవలు, కొత్తగా పెళ్లయిన జంటతో సహా ఫ్యాన్ పక్కన వెచ్చగా కాపురం పెట్టేశాయి. తిరకాసు వాటిని తరమలేదు. మూత తీసిపెట్టి, ఆ కన్సోల్ మీద తన అభిప్రాయం మాత్రం చెప్పాడు. సాయంత్రానికల్లా అవి పిల్లాజెల్లాతో ఇల్లు ఖాళీ చేసి, ఎదురుగా ఉన్న మొబైల్ కవర్ల కొట్టుకి మకాం మార్చేశాయి. ఇవి కోతలనుకునేవాళ్లు ఆ కవర్ల కొట్టాయన్ని కదిపి చూడొచ్చు. ఇప్పటికీ తిడుతూనే ఉంటాడు.

అభిప్రాయాలే తిరకాసు కొంప ముంచాయి. కొత్త కన్సోల్ పట్టుకుని కాలేజీ కుర్రాడెవడైనా వచ్చి, "అన్నా, బొమ్మ చూశావా? చెట్టు మీద ఆకులు కూడా విడివిడిగా కనిపిస్తాయి" అన్నాడనుకోండి, వాడి పని అయిపోయినట్టే.

"ఆకులు చూడ్డానికి ఇంత సామానెందుకు రా? కిటికీ తెరిచి చూసుకో, కరెంటు కూడా అక్కర్లేదు."

"అది కాదన్నా, కథ కూడా బ్రహ్మాండంగా ఉంటుంది."

"కథ వాళ్లు చెప్తుంటే నువ్వు కూర్చుని వింటావు. మరి ఆడేదెప్పుడు? అసలు ఎప్పటికైనా అయిపోతుందా అది?"

"అవదన్నా! రోజూ కొత్త పని ఇస్తూనే ఉంటుంది."

"రోజూ పనిచ్చేదాన్ని ఆటనరు నాయనా. ఉద్యోగం అంటారు."

పోనీ పాతవాటి మీద ప్రేమా అంటే అదీ లేదు. జుట్టు నెరిసిన బ్యాంకు ఉద్యోగి ఒకాయన తన చిన్ననాటి కన్సోల్‌ని తువ్వాలులో చుట్టి, చంటిపిల్లని తెచ్చినట్టు తెచ్చి, "ఆ రోజుల్లో ఆటలు ఆటల్లా ఉండేవండీ" అని కళ్లు తుడుచుకున్నాడు. తిరకాసు తలెత్తకుండానే, "అప్పుడూ చెత్తేనండీ. మీకు పదేళ్లు కాబట్టి బాగుంది" అన్నాడు. ఆయన ఆ తువ్వాలుతోనే మొహం తుడుచుకుని వెళ్లిపోయాడు. అలా కొత్తవాళ్లకీ పాతవాళ్లకీ సమానంగా చెడ్డవాడైన ఘనత ఆ ఊళ్లో అతనొక్కడిదే.

అన్నింటిలోకీ పెద్ద అభిప్రాయం వైరు గురించి. చేత్తో పట్టుకుని ఆడే కంట్రోలర్‌కి వైరు తీసేసిన రోజే ఆట చచ్చిపోయిందనేవాడు. "వైరు పొడుగెంత? మూరెడు తక్కువ మంచమంత. అందుకని ఇద్దరూ ఒక్కచోటే కూర్చోవాల్సి వచ్చేది. మోకాలికి మోకాలు తగిలేది. ఓడిపోతే పక్కవాడి నవ్వు చెవిలో పడేది. వైరు పోయింది, ఒకడు సోఫాలో, ఇంకోడు మంచంలో. తర్వాత ఒకడు ఈ ఊళ్లో, ఇంకోడు ఆ ఊళ్లో. దాన్ని ఆడుకోవడం అంటారా?"

ఈ మాట కన్సోళ్ల మీద అన్నట్టే ఉంటుంది కానీ, అది బావ మీద.

బావంటే అక్క మొగుడు, సిటీ బస్సు డ్రైవరు. తిరకాసు కొట్లో ఒక పద్ధతి ఉండేది. ఏ కన్సోల్‌నైనా బాగుచేశాక, రెండు కంట్రోలర్లూ తగిలించి, ఇద్దరు మనుషులు కూర్చుని ఒక ఫుట్‌బాల్ మ్యాచ్ పూర్తిగా ఆడితే గానీ అది బాగైనట్టు లెక్క కాదు. ఒక్కడే ఆడితే రెండో సాకెట్‌లో ఉన్న జబ్బు బయటపడదు. ఆ రెండో మనిషి బావ. డ్యూటీ దిగి, చెమట పట్టిన ఖాకీ చొక్కాతో వచ్చి, మెట్ల కింద తల వంచుకుని దూరి, బెంచీ మీద తన వాటా కన్నా కాస్త ఎక్కువే ఆక్రమించేవాడు. "జరగరా బామ్మర్దీ" అంటూ తిరకాసుని గోడకి నొక్కేసేవాడు. బస్సుని ఎంత నెమ్మదిగా నడిపేవాడో ఆటలో అంత అడ్డంగా పడేవాడు. తిట్టుకునేవాళ్లు, నవ్వుకునేవాళ్లు. తిరకాసు అభిప్రాయాలన్నీ విని కూడా లేచిపోని మనిషి లోకంలో ఆయనొక్కడే.

బావకి వేరే ఊరి డిపోకి బదిలీ అయింది. అక్కా బావా సామాను సర్దుకుని వెళ్లిపోయారు.

ఆ తర్వాత తిరకాసు రెండో మనిషి కోసం చాలా ప్రయత్నించాడు. వచ్చిన గిరాకీనే కూర్చోమన్నాడు. ఆట మొదలవకముందే అభిప్రాయం మొదలయ్యేది, గిరాకీకి అర్జెంటు పని గుర్తొచ్చేది. కవర్ల కొట్టాయన్ని పిలిచాడు. బొద్దింకల సంగతి తేలేదాకా మాటల్లేవన్నాడాయన. చివరికి బెంచీ మధ్యలో కూర్చుని, కుడిచేత్తో ఒక కంట్రోలరూ ఎడంచేత్తో ఒక కంట్రోలరూ పట్టుకుని తనతో తనే మ్యాచ్ ఆడటం మొదలుపెట్టాడు. కొన్నాళ్లకి ఎడమచెయ్యి గెలవడం నేర్చుకుంది. దాంతో కుడిచెయ్యి అలిగి, అన్నం కలపడానికి కూడా మొరాయించిందని కాంప్లెక్స్‌లో చెప్పుకునేవాళ్లు. నవ్వడానికి బాగానే ఉంటుంది. ఇద్దరు ఆడాల్సిన ఆటలో గోల్ పడ్డప్పుడు కొట్టంతా అంత నిశ్శబ్దంగా ఉండటం మాత్రం దగ్గరుండి చూడాలి.

బావ ఊరికే కూర్చోలేదు. కొత్త కన్సోల్ కొని, "నెట్‌లో ఆడదాం రా" అని కబురు మీద కబురు పెట్టాడు. తిరకాసు బెట్టు చేశాడు. మోకాలు తగలని ఆట తనకొద్దన్నాడు. నెట్‌లో ఒక్క మ్యాచ్ కూడా ఆడకుండా దాని మీద అంత గట్టిగా మాట్లాడగలగడం అందరివల్లా అయ్యే పని కాదు.

చివరికి అక్క ఫోన్ చేసింది.

"ఏరా, ఆదివారం మీ బావతో ఆడతావా, లేదా? ఒక్క మాటలో చెప్పు."

"అక్కా, నెట్‌లో ఆడేది అసలు..."

"నీ ఉపన్యాసం నాకొద్దు. డిపోలో కండక్టరొకాయన మా పక్కింట్లోనే ఉంటాడు. ఆదివారం ఆదివారం ఆడటానికి వస్తానంటున్నాడు. మీ బావ, 'ముందు మా బామ్మర్దిని అడుగుతా' అన్నాడు. ఇంకా నీకోసం ఆగాడంటే నేనే ఆశ్చర్యపోయా. ఇదే ఆఖరు."

తిరకాసు ఫోన్ పట్టుకుని కాసేపు పైమెట్టు అడుగు చూశాడు. ఎవరో మెట్లెక్కుతున్నారు. దుమ్ము రాలింది.

"ఆడతానని చెప్పక్కా" అన్నాడు.

ఆదివారం మధ్యాహ్నం కాంప్లెక్స్‌లో సగం షట్టర్లు దించేసి ఉన్నాయి. తిరకాసు గుండె దిటవు చేసుకుని, కొట్లో ఉన్న కన్సోల్‌కి మొట్టమొదటిసారి నెట్ తగిలించాడు. బెంచీ మీద గోడవైపుకి జరిగి కూర్చున్నాడు. పక్కన జాగా ఎందుకు వదిలాడో ఎవరైనా అడిగి ఉంటే దానికీ ఒక అభిప్రాయం చెప్పేవాడే.

ఆట మొదలైంది. బావ ఆటగాళ్లు ఎప్పట్లాగే అడ్డంగా పడుతున్నారు. తిరకాసుకి లోపల్నుంచి నవ్వు తన్నుకొచ్చింది. తొలి గోల్ అతనే కొట్టాడు, ఇంకోటీ కొట్టాడు. బావ ఇప్పుడు ఏమంటున్నాడో విననక్కర్లేదు, మొత్తం తెలుసు.

అప్పుడు కొట్టు ముందుకి ఒకావిడ వచ్చింది. డిస్క్ లోపల ఇరుక్కుపోయిందని, ఇంట్లో పిల్లలు ఏడుస్తున్నారని కన్సోల్ బల్ల మీద పెట్టింది. తిరకాసు అలవాటుగా పాజ్ నొక్కాడు. తెరమీద మెనూ తెరుచుకుంది, వెనక బొమ్మ మసకబారింది. కంట్రోలర్‌ని బెంచీ మీద బోర్లించి లేచాడు. మూత విప్పాడు, డిస్క్ తీశాడు, ఆవిడకి డిస్కుల కన్నా క్యాసెట్లు ఎందుకు మేలో వివరంగా చెప్పాడు. ఆవిడ తల ఊపుతూనే మెల్లిగా తప్పుకుంది.

తిరిగొచ్చి మెనూ మూసేసరికి మ్యాచ్ అయిపోయి ఉంది. అతని ఆటగాళ్లు వరసగా నిలబడి ఉన్నారు. బావ బోలెడు గోల్స్ కొట్టి గెలిచినట్టు తెర చెప్తోంది.

ఫోన్ మోగింది.

"నీ పంతమే నెగ్గించుకున్నావు కదరా!" బావ గొంతులో ఆట లేదు. "ఇష్టం లేకపోతే ఆడనని చెప్పాల్సింది. మధ్యలో లేచిపోవడం ఏంటి? నేను గోల్స్ కొడుతుంటే నీ వాళ్లు దిష్టిబొమ్మల్లా నిలబడ్డారు. కండక్టరు కూడా ఇక్కడే కూర్చుని చూస్తున్నాడు. మా బామ్మర్దికి ఆటంటే ప్రాణమని ఆయనకి గొప్పలు చెప్పా."

తిరకాసు నాలుక చివర మంచి జవాబొకటి సిద్ధంగా ఉంది. అవును బావా, ఇది ఆట కాదని నీకు చూపిద్దామనే లేచిపోయా. ఆ మాటంటే నిన్నటిదాకా అన్నవన్నీ నిలబడతాయి. కాంప్లెక్స్ అంతా ఆ జవాబే అతని నుంచి ఆశించేది.

"పాజ్ నొక్కా బావా" అన్నాడు. "ఆగిందనుకున్నా."



"ఏంటీ?"

"నెట్‌లో ఆట ఆగదని నాకు తెలీదు. గిరాకీ వస్తే పాజ్ నొక్కి లేచా."

"ఒరేయ్... కన్సోళ్లు బాగుచేసేవాడివి, నీకు తెలీదా?"

"తెలీదు బావా. నిజంగా తెలీదు."

బావ నవ్వు ఫోన్‌లోంచి చెవిలో పడింది. ఆ నవ్వుకి దించిన షట్టర్లు కూడా గలగలలాడాయంటే నమ్మాలి. ఆయన వెనక్కి తిరిగి అక్కకి చెప్పాడు, అక్క నవ్వింది. ఇంకో మగ గొంతు కూడా నవ్వింది. తిరకాసు ఆ గొంతు ఎప్పుడూ వినలేదు.

"సరే, మళ్లీ ఆడదాం" అన్నాడు బావ, కళ్లు తుడుచుకుంటున్నట్టు. "కాకపోతే ఈయన పాపం ఇందాకట్నుంచీ కూర్చునే ఉన్నాడు. ముగ్గురం ఒకే జట్టు, అవతల కంప్యూటరు. మేమిద్దరం ఇక్కణ్ణుంచి, నువ్వక్కణ్ణుంచి. ఏమంటావు?"

ముగ్గురి ఆట మీద తిరకాసుకి ఎంత పెద్ద అభిప్రాయం ఉందో! దాన్ని మింగేసి, "సరే బావా" అని ఫోన్ పెట్టేశాడు.

బావ వాళ్ల గదిలో మైకు ఉంది. ఇక్కడ లేదు. ఆటలో మాట్లాడాల్సింది వేళ్లేనని మైకులు ఎప్పుడూ ఉంచుకోలేదు. అందుకని ఆ గదంతా టీవీలోంచి అతనికి వినిపిస్తోంది, అతని కొట్టు వాళ్లకి వినిపించదు. "జరగవయ్యా, గోడకి నొక్కేస్తున్నావు" అని కండక్టరు అంటున్నాడు. బావ నవ్వుతున్నాడు. టీ కప్పుల చప్పుడు. బంతి వాళ్లిద్దరి మధ్యే తిరుగుతోంది. ఒకరి మోచెయ్యి ఒకరికి తగిలి ఆట తప్పుతున్నారు కాబోలు, ఎందుకు నవ్వుతున్నారో అతనికి తెలిసేలోపే నవ్వయిపోతోంది.

"తమ్ముడున్నాడా? మళ్లీ లేచిపోయాడా?" అక్క గొంతు.

"ఏమో. ఉన్నాడో లేడో ఎలా తెలుస్తుంది?" అన్నాడు బావ.

"ఉన్నానక్కా" అన్నాడు తిరకాసు, టీవీ వైపు తిరిగి, గట్టిగానే.

తర్వాత కంట్రోలర్ మీద బొటనవేలు పెట్టి గుండ్రంగా తిప్పాడు. మైదానం అవతలి చివర, బంతికి చాలా దూరంలో, అతని ఆటగాడు ఉన్నచోటే గుండ్రంగా పరుగెత్తడం మొదలుపెట్టాడు.

"అదిగో, తిరుగుతున్నాడు చూడు. ఉన్నాడు" అన్నాడు బావ.

తిరకాసు వేలు తియ్యలేదు.