ఎరుపు తగ్గించుకున్న మానిటర్

పాడైన ఎలక్ట్రానిక్ సామాన్లు తీసుకెళ్లే బండి వస్తోందని గత ఆదివారం మా మయూర్ విహార్ సొసైటీ వాట్సాప్‌లో కబురు రాగానే, మా ఆవిడ చూపు తిన్నగా అటక మీదికి వెళ్లింది. అక్కడ పాత దుప్పటి కప్పుకుని ఒక డబ్బా మానిటర్ ఏళ్ల తరబడి కూర్చుని ఉంది. ఇద్దరం కలిసి దాన్ని దింపేసరికి నా నడుము పట్టేసింది, ఆవిడ నోటికి పని దొరికింది. పనికిరాని దాన్ని ఇన్నాళ్లూ ఎందుకు దాచారని అడిగితే, ఎప్పటిలాగే ఏదో గొణుగుతూ దుప్పటి మడత పెట్టాను. ఆవిడకు నా కళ్ల సంగతి తెలుసు, పెళ్లయిన నెలకే నేను పండినవనుకుని తెచ్చిన పచ్చి టమాటాలు చూసి పట్టేసింది. తెలియనిది ఇంకొకటి ఉంది. దాన్ని ఆవిడ ముందు చెప్పడానికి నోరు రాక, నా వయసు వాళ్లే కదా అని మీకు చెబుతున్నాను.

నాకు ఎరుపుకీ ఆకుపచ్చకీ తేడా సరిగ్గా తెలియదు. మాది బిట్రగుంట, నాన్నది రైల్వేలో సిగ్నళ్ల దగ్గర పని. ఆ ఊళ్లో పుట్టిన మగపిల్లవాడికి రైల్వే ఉద్యోగం తప్ప వేరే ఆలోచన ఉండేది కాదు. నేను పరీక్ష పాసయ్యాను కూడా. వైద్య పరీక్షలో డాక్టరుగారు రంగు చుక్కల పుస్తకం తెరిచి లోపల ఏ అంకె ఉందో చెప్పమన్నారు. నాకు చుక్కలే కనిపించాయి. పేజీ తిప్పారు, మళ్లీ చుక్కలే. ఉద్యోగం అక్కడితో సరి. ఇది తల్లి వైపు నుంచి వస్తుందని ఆయన మామూలుగా అన్న మాట అమ్మ మనసులో పడిపోయింది. ఆ తర్వాత చాలా నెలలు చీర అంచు పట్టుకుని, జామకాయ పట్టుకుని, "ఇదేం రంగురా?" అని అడుగుతూ ఉండేది, ఏదో ఒకరోజు సరిగ్గా చెబుతానేమోనని. నాన్న నా ఉద్యోగం సంగతి ఎత్తడమే మానేశాడు.

ఆ ఇంట్లో ఉండలేక కంప్యూటర్ కోర్సు ఒకటి చేసి ఢిల్లీ వచ్చిపడ్డాను. రెండు చోట్ల పని కుదిరి, రెండు చోట్లా ఊడింది. మూడోది నోయిడాలో ఒక చిన్న కంపెనీ, విదేశీ కంప్యూటర్ ఆటల్లో తప్పులు పట్టే పని. కళ్ల గురించి ఎవరూ అడగలేదు, నేనూ చెప్పలేదు. ఇది కూడా పోతే ఇంటికి వెళ్లి అమ్మ చీర అంచుల ముందు కూర్చోవడం తప్ప నాకు ఇంకో దారి లేదు. ఆటలంటే అందరూ కార్లు నడిపేవీ, తుపాకులు పేల్చేవీ కోరుకునేవారు కాబట్టి, ఎవరికీ అక్కర్లేని ఆప్షన్స్ పేజీ నాకు దక్కింది. శబ్దం పెంచు, తగ్గించు, కింద మాటలు కనబడేలా పెట్టు, తీసెయ్, బయటికి వెళ్లి మళ్లీ లోపలికొచ్చి పెట్టింది పెట్టినట్టు ఉందో లేదో చూడు. రోజంతా ఇదే.

మీలో ఆ రోజుల్లో ఆఫీసులు చేసినవారికి డబ్బా మానిటర్లు గుర్తుండే ఉంటాయి. బల్లలో సగం వాటికే సరిపోయేది. తెర దగ్గరికి చెయ్యి పెడితే వెంట్రుకలు నిక్కబొడుచుకునేవి, వెనక పెడితే వేడికి చెయ్యి కాలేది, వెలిగించగానే ఢమ్మని ఒకసారి వణికి గాని దారికొచ్చేవి కావు. అయినా ఆటలో చీకటి గది వస్తే ఆ తెర మీద నిజంగా చీకటిగా ఉండేది. నాకు వాటితో ఇంకో లాభం ఉంది. ముందు బటన్లు నొక్కుతూ వెళితే ఎరుపు, ఆకుపచ్చ, నీలం విడివిడిగా తగ్గించుకోవచ్చు. మేము పరీక్షించే ఆటలో ఆప్షన్ పక్కన ఒక చిన్న చుక్క ఉండేది, పెట్టి ఉంటే ఆకుపచ్చ, తీసేస్తే ఎరుపు. నేను ఎరుపును అడుగంటా తగ్గించేశాను. ఆకుపచ్చ చుక్క వెలిగేది, ఎరుపు చుక్క బొగ్గులా మిగిలేది. ఎవరైనా చూసి ఇదేం రంగయ్యా అంటే, ట్యూబు పాతబడిపోయిందని చెప్పేవాణ్ని. అలా రెండేళ్లు గడిచాయి.

రెండువేల ఆరు ప్రాంతంలో ఆఫీసుకి ఫ్లాట్ మానిటర్లు వచ్చాయి. పెట్టెలు విప్పుతుంటే పెళ్లిలా ఉంది, ఎవరో మిఠాయి కూడా తెచ్చారు. అక్షరాలు సూదితో కుట్టినంత స్పష్టంగా ఉన్నాయి, బల్ల మీద టిఫిన్ డబ్బా పెట్టుకోవడానికి చోటు దొరికింది. చీకటి గది మాత్రం బూడిద రంగుకి తిరిగింది. అన్ని తెరలూ ఒకే రంగు చూపాలని ఆట తయారుచేసే క్లయింటు పట్టుబట్టాడట, అందుకని సెట్టింగులు సరిచేసి, బటన్లు పనిచేయకుండా లాక్ వేసేశారు. కొత్త తెరతో తలనొప్పి వస్తుందన్నాను, పాత తెరల మీద కూడా ఎవరో ఒకరు చూడాలి కదా అన్నాను. మా టీమ్ లీడ్, వరంగల్ అమ్మాయి, నాకంటే చిన్నది, జాలిపడి ఒక నెల నా డబ్బాను ఉండనిచ్చింది. నెల కాగానే సామాన్లు మోసే అతను వచ్చాడు. "భయ్యా, ఇసే రహనే దో", దీన్ని ఉండనివ్వు అని ఆ మానిటర్ని రెండు చేతులతో పట్టుకుని నిజంగానే బతిమాలాను. అతను నవ్వుతూ స్టోర్ రూముకి మోసుకుపోయాడు.

మరునాటి నుంచి రెండు చుక్కలూ నాకు ఒక్కటే అయిపోయాయి. తెరను పక్కనుంచి చూశాను, కింద నుంచి చూశాను, మెడ పట్టేసింది గాని తేడా తెలియలేదు. చివరికి, ఆట మన ఎంపికలన్నీ ఒక ఫైలులో ఒకట్లు, సున్నాలుగా రాసుకుంటుందని కనిపెట్టి, ప్రతిసారీ ఆట మూసి, ఆ ఫైలు తెరిచి చదవడం మొదలుపెట్టాను. పూటలో అయ్యే పని రెండు రోజులకు గాని తెమిలేది కాదు. లీడ్ రెండుసార్లు ఎందుకింత ఆలస్యమని అడిగింది. టిఫిన్ డబ్బా సగం నిండుగానే ఇంటికి తిరిగొచ్చేది. బస్సులో నిలబడి, ఇవాళ పంపించేస్తారు, ఇవాళ కాకపోతే రేపు, అని లెక్కపెట్టుకుంటూ వెళ్లేవాణ్ని.

ఆ బెంగలోనే ఒక ఉపాయం తట్టింది. ఈ చుక్కలనే ఆటలోని తప్పుగా రాసి పంపితే? "రంగు ఒక్కదానితోనే తేడా చూపిస్తున్నారు, కొంతమంది ఆటగాళ్లకు అది తెలియకపోవచ్చు, పక్కన ఒక మాటో టిక్కు గుర్తో పెట్టండి" అని రాశాను. "మంచి పాయింట్ పట్టినవ్ అన్నా" అంది లీడ్. ఆ రోజు ఆకలేసింది నాకు, కడుపునిండా తిన్నాను.

మర్నాడు క్లయింటు నుంచి జవాబు వచ్చింది. మీ జట్టులో ఎవరికైనా ఈ ఇబ్బంది ఉందా? ఉంటే వాళ్లతో చూపించి మార్పు చేస్తాం, లేకపోతే మూసేస్తాం. లీడ్ కుర్చీలోంచి లేచి గది మొత్తానికి వినబడేలా "కిసీ కో కలర్ కీ ప్రాబ్లమ్ హై క్యా?" అని అడిగింది. అందరూ నవ్వారు. ఒకడు ఎర్ర పెన్ను ఎత్తి, "యే కౌన్ సా రంగ్ హై?", ఇదేం రంగో చెప్పు అని పక్కవాడి ముఖం ముందు ఆడించాడు. నేనూ నవ్వాను, అందరికంటే గట్టిగా. లీడ్ నా బల్ల దగ్గరికి వచ్చింది. "పక్కానా అన్నా? ఉంటే చెప్పు, ఏం గాదు" అంది మెల్లగా. ఆమెకు తెలుసో, ఊరికే అడిగిందో ఇప్పటికీ నాకు తెలియదు. నాకు మాత్రం ఆ క్షణంలో కళ్ల ముందు చుక్కల పుస్తకమే ఉంది. "పక్కా మేడమ్" అన్నాను. జవాబు నువ్వే రాసెయ్ అని వెళ్లిపోయింది. మా జట్టులో ఎవరూ లేరు అని రాసి పంపాను.

సాయంత్రానికి నేను పంపిన ఆ తప్పును మార్పేమీ లేకుండా మూసేశారు. ఆట ఆ చుక్కలతోనే బజారుకు వెళ్లింది. ఎందరి ఇళ్లకు చేరిందో, ఎంతమంది నాలాంటివాళ్లు ఆ పేజీ ముందు కూర్చుని, లోపం తమదేననుకుని సిగ్గుపడి ఆట కట్టేశారో అని తర్వాత చాలాసార్లు అనుకున్నాను. ఇంకా ఎనిమిదేళ్లు అక్కడే పనిచేశాను, ప్రతి ఆటకూ అలా ఫైలు చదువుకుంటూనే. స్టోర్ రూములో పాత సామాను అమ్మేసిన రోజు నా డబ్బాను నేనే కొనుక్కుని ఇంటికి తెచ్చుకున్నాను. జీతం పెరిగింది, పెళ్లయింది, ఇల్లు కొనుక్కున్నాను.

ఇప్పుడు తెరలు గోడంత అయ్యాయి, చీకటి మళ్లీ చీకటిలాగే కనబడుతోంది. నేను ఆడను గాని, కొత్త ఆట ఏది దొరికినా తిన్నగా ఆప్షన్స్‌లోకి వెళతాను. రంగులు తెలియని వాళ్ల కోసం చాలా వాటిలో విడిగా ఒక వరుస ఉంటోంది, నాలాంటి కళ్లకు ఒకటి, ఇంకో రకం కళ్లకు ఇంకొకటి. అది దానంతట అది వచ్చి ఉండదు. ఎక్కడో ఒక ఆఫీసులో అదే ప్రశ్న వచ్చి ఉంటుంది, పక్కవాళ్లు నవ్వుతుండగానే ఎవరో "ఉన్నాను, నేనే" అని రాసి ఉంటారు. వాళ్ల ఉద్యోగం ఉందో ఊడిందో నాకు తెలియదు. నాది మాత్రం ఊడలేదు.