ఆఖరి పెట్టె మూత

ఆ రోజుల్లో పాడేరులోని మా కాఫీ రైతుల సంఘం ఆఫీసుకి కంప్యూటర్ లేదు, నేనుండేదాన్ని. చదివింది అయిదో తరగతి, చేసేది అటెండరు పని. అయినా ఏ గూడెంలో ఎవరు ఏ ఏడు ఎన్ని కాఫీ మొక్కలు పట్టుకెళ్లారో టీ గ్లాసులు కడుగుతూనే చెప్పేసేదాన్ని. సారు "ఆవిణ్ణి పిలవండి" అన్నప్పుడల్లా నా మెడ జానెడు పొడుగయ్యేది. అలాంటి నా రాజ్యంలోకి మా తోటికోడలు కంప్యూటర్ ఆపరేటరుగా దిగింది. ఇంట్లో నాకంటే చిన్నది, ఆఫీసులో దానికి గిర్రున తిరిగే కుర్చీ. నాకు మూడు కాళ్ల స్టూలు (నాలుగో కాలు ఇటుక).

జాబితాలన్నీ దాచడానికి డిస్కులు కొనాలన్నారు. విశాఖ నుంచి వచ్చిన కంప్యూటరాయన రెండు రకాలు చెప్పాడు. మామూలువి చవక, కానీ ఒక్కో తీగకి రెండే, ఒకటి పనిలో ఉంటే రెండోది కాచుకు కూర్చోవాలి. రెండో రకం, స్కజీ అనే డిస్కులు, ఖరీదు. అయితే ఒక్క కంట్రోలర్ కార్డు ఏడింటిని ఒకే వరసలో నడిపిస్తుంది, ఒకటి వెతుకుతుండగానే ఇంకోదానికి పని చెప్పొచ్చు. సారు మా తోటికోడలి వైపు చూశారు. "స్కజీయే తీసుకుందాం సార్. రైతులు పెరిగితే వరసలో ఇంకో డిస్కు పెట్టె తగిలించుకోవచ్చు," అంది. సారు తలూపారు. (స్టూలుకి కాలు కావాలని రెండేళ్లుగా అడుగుతున్నాను, ఆ తల ఎన్నడూ ఊగలేదు.)

అయిదు పెట్టెలొచ్చాయి. ఒకదానికొకటి తీగలతో గుచ్చి, మొదటిదాన్ని కంప్యూటర్‌లోని కార్డుకి తగిలించారు. వాటి దుమ్ము దులిపేది నేనే. ఒక సాయంత్రం ఆఖరి పెట్టె వెనక ఓ చిన్న మూత కనిపించింది. దానికి తీగ లేదు, పనీ లేదు. పనీపాటా లేని మూతకి కూడా ఆ పిల్ల పక్కన ఇంత మర్యాదా అని ఒళ్లు మండి, పీకేసి, రొంటిన పొగాకు సంచిలో దోపేశాను.

మర్నాడు పై అధికారి వస్తున్నారు. జాబితా తీయబోతే ఒకసారి మూడు డిస్కులు కనిపిస్తాయి, ఇంకోసారి ఒక్కటీ లేదు. "మధ్యాహ్నానికి జాబితా రాకపోతే రేపటి నుంచి నువ్వు రానక్కర్లేదు," అని మా తోటికోడలితో అనేసి, సారు నన్ను పిలిచారు. ఎన్నాళ్లకో! గడగడా అప్పజెప్పడం మొదలెట్టాను. మూడో గూడెం దాకా వచ్చేసరికి మా తోటికోడలు ఏడుస్తూ ఫోన్లో మాట్లాడటం కనిపించింది. విశాఖాయన గొంతు నాదాకా వినిపించింది: "ఆఖరి పెట్టెకి టెర్మినేటర్ ఉందా చూడమ్మా, చిన్న మూతలా ఉంటుంది. వరస అక్కడితో అయిపోయిందని చెప్పేది అదే. అది లేకపోతే కార్డు పంపిన మాట చివరికంటా పోయి వెనక్కి తన్నుకొస్తుంది. ఏది ఎవరి మాటో తెలీదు."

అప్పజెప్పడం ఆపి, రొంటిన సంచి తడుముకున్నాను. మా గూడెం నుంచి సంతకి ఒకే వరసలో దిగేవాళ్లం. మంచులో ముందు మనిషి "ఓయ్" అంటే ఆఖరి మనిషి అందుకోవాలి. పలక్కపోతే కొండే ఆ కేకని తిప్పికొడుతుంది, అదే జవాబనుకుని మనిషి తప్పిపోయినా తెలీకుండా నడిచేస్తారు. అందుకే ఆఖరి చోటు నమ్మకమైనవాళ్లకే ఇచ్చేవారు. నా పెళ్లయ్యేదాకా అది నాదే.

"ఇదిగో, బల్ల కింద దొరికిందే," అని మూత దాని చేతిలో పెట్టాను. బిగించింది. అయిదు డిస్కులూ వరసగా పలికాయి. కళ్లు తుడుచుకోబోయి వేళ్లు వాసన చూసుకుంది.

"ఏటక్కా, బల్ల కింద పొగాకు ఆరెడతన్నావేటి?"

"సాల్లే, బేగి తియ్యి ఆ జాబితా."

తీసింది నేనేనని తెలిసినా ఇంట్లో ఎవరికీ చెప్పలేదది. మంచితనంలో కూడా నన్ను దాటిపోయిందే అని అప్పుడు ఇంకా కుళ్లుకున్నాను.

ఏళ్ల తరవాత ఆ పెట్టెలు పాతసామాన్లలోకి పోతుంటే మా తోటికోడలు ఆ మూత పీకి నాకే ఇచ్చింది. "నీదే గదక్కా, ఇంకా కంపు కొడతంది." ఇప్పటికీ ఇద్దరం కలిసే సంతకి వెళ్తాం. అది చకచకా ముందు, మోకాళ్ల నొప్పులతో నేను వెనక. "ఓయ్ అక్కా" అంటుంది. ఒక్కోసారి కావాలనే కాస్త ఆగి పలుకుతాను. అది కంగారుగా వెనక్కి తిరిగి వెతుక్కుంటుంది చూడండి, ఆ ముఖం కోసం.